పునాది లేకుండా యూనివర్సిటీ ఫిజిక్స్: నా అనుభవం

స్కూల్ అయిపోయాక నేను ఫిజిక్స్ పుస్తకం మళ్లీ ముట్టుకోలేదు. ఇక ఆ అవసరం రాదనే ధీమాతోనే వేరే సబ్జెక్టు ఎంచుకున్నాను. తీరా యూనివర్సిటీలో చేరాక చూస్తే మొదటి ఏడాది ఇంట్రడక్టరీ ఫిజిక్స్ తప్పనిసరి, అదీ రెండు సెమిస్టర్లు, ల్యాబ్‌తో సహా. మొత్తానికి గట్టెక్కాను, మార్కులు కూడా బాగానే వచ్చాయి. ఇప్పుడు అదే పరిస్థితిలో ఉన్నవాళ్లు "మ్యాథ్స్ రాకపోతే కష్టమా, ఎక్కడ మొదలుపెట్టాలి" అని అడుగుతుంటే, ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా అంతా ఒకచోట రాసేస్తే పోతుందని కూర్చున్నాను.

ముందు మ్యాథ్స్ సంగతి తేల్చేస్తాను, అందరి టెన్షన్ దాని గురించే కాబట్టి. ఈ కోర్సులు మామూలుగా రెండు రకాలుగా ఉంటాయి. ఇంజనీరింగ్, ఫిజిక్స్ చదివేవాళ్లకి కాలిక్యులస్‌తో చెబుతారు. జీవశాస్త్రం, వైద్యం లాంటివైపు వెళ్లేవాళ్లకి ఆల్జీబ్రా, ట్రిగనామెట్రీతో సరిపెడతారు. మాది రెండో రకం. అందులో రోజూ పనికొచ్చేది నిజంగా చాలా తక్కువ: సమీకరణంలో కావలసినదాన్ని ఒక పక్కకి తెచ్చుకోవడం, గ్రాఫ్ వాలు ఏం చెబుతోందో చదవగలగడం, 10³, 10⁶ లాంటి పది ఘాతాలతో తడబడకుండా లెక్క చేయడం, సైన్, కాస్. ఈ చివరి రెండే కాస్త ఏడిపించాయి. క్లాసులో చాలామంది "అడ్డంగా ఉన్నదానికి కాస్, నిలువుగా ఉన్నదానికి సైన్" అని బట్టీ పట్టేశారు, అది వాలుతలం వచ్చేదాకా బాగానే పనిచేసింది. వాలుతలం మీద దిమ్మ ఉన్నప్పుడు దాని బరువులో తలం వెంబడి లాగే భాగానికి సైన్ వస్తుంది, తలానికి లంబంగా నొక్కే భాగానికి కాస్ వస్తుంది, అంటే బట్టీ పట్టినదానికి సరిగ్గా తిరగబడినట్టు కనిపిస్తుంది. ట్యుటోరియల్ తీసుకునే సీనియర్ ఒకాయన దీనికి చూపించిన పద్ధతి నాకు సెమిస్టర్ పొడుగునా అక్కరకొచ్చింది. తలాన్ని పూర్తిగా పడుకోబెట్టు, అంటే కోణం సున్నా చెయ్యి, అప్పుడు దిమ్మ జారుతుందా? జారదు. కాబట్టి తలం వెంబడి భాగం సున్నా కావాలి. సున్నా దగ్గర సున్నా అయ్యేది సైన్. ఇప్పుడు తలాన్ని నిట్టనిలువుగా నిలబెట్టు, మొత్తం బరువు కిందికే లాగాలి, తొంభై డిగ్రీల దగ్గర సైన్ ఒకటి, సరిపోయింది. అంతే. సూత్రం గుర్తులేకపోయినా రెండు చివర్లూ చూస్తే ఏది రావాలో తేలిపోతుంది.

అసలు తిరకాసు మ్యాథ్స్‌లో లేదు. మొదటి వారంలోనే మార్కులు లేని ఒక టెస్టు పెట్టారు. హెస్టెనెస్ అనే ఆయన, ఆయన సహచరులు 1992లో తయారుచేసిన ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ అది. ఇప్పుడు వాడే రూపంలో 30 మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలుంటాయి, ఒక్కదానికీ లెక్క చేయక్కర్లేదు, అన్నీ మామూలు మాటల్లోనే ఉంటాయి. చదువుతుంటే "ఇంత తేలికా" అనిపిస్తుంది, ఆ తేలికే ఉచ్చు. అందులో ఏమడుగుతారో ఇక్కడ రాయను, వాళ్లు దాన్ని బయటపెట్టొద్దంటారు, కానీ ఆ ధోరణి తెలియడానికి ఏ క్లాసులోనైనా అడిగే ప్రశ్న ఒకటి చెబుతాను. బంతిని నిట్టనిలువుగా పైకి విసిరారు, అది చేతిని వదిలేసింది, ఇంకా పైకే వెళుతోంది, గాలి సంగతి వదిలేద్దాం. ఇప్పుడు బంతి మీద ఏయే బలాలు పనిచేస్తున్నాయి?

నాతోపాటు సగం క్లాసు రాసింది: కిందికి గురుత్వాకర్షణ, పైకి చెయ్యి ఇచ్చిన బలం, పైకెళ్లేకొద్దీ ఆ బలం తగ్గిపోతుంది, శిఖరం దగ్గర రెండూ సమానమవుతాయి, తర్వాత గురుత్వం గెలుస్తుంది. కథలా ఎంత చక్కగా ఉంది చూడండి. కానీ చెయ్యి వదిలేశాక చెయ్యి బలం ఇంకా ఎక్కడుంటుంది? బంతి మీద ఉన్నది ఒక్క గురుత్వాకర్షణే, పైకి వెళ్లేటప్పుడూ అంతే, శిఖరం దగ్గరా అంతే, దిగేటప్పుడూ అంతే. శిఖరం దగ్గర వేగం సున్నా, త్వరణం మాత్రం 9.8 మీ/సె², కిందికే. అది కూడా సున్నా అయితే బంతి ఇక అక్కడే వేలాడుతూ ఉండిపోవాలి కదా.

నాకు ఫిజిక్స్ రాదని వచ్చాను కానీ, ఖాళీ బుర్రతో రాలేదని ఆ టెస్టు చెప్పింది. కదిలేదాని వెనక ఏదో ఒకటి నెడుతూనే ఉండాలి అనే నమ్మకం చిన్నప్పటి నుంచీ బండలా కూర్చుని ఉంది, ఎందుకంటే మనం నెట్టే ప్రతి వస్తువూ నెట్టడం ఆపగానే ఆగిపోతుంది, ఘర్షణ కంటికి కనబడదు. అరిస్టాటిల్ చెప్పింది కూడా ఇంచుమించు ఇదే. గెలీలియో వాలుతలాల మీద గోళాలు దొర్లించి చూసి, న్యూటన్ 1687లో నియమాలు అచ్చువేయించేసరికి దాదాపు రెండు వేల ఏళ్లు పట్టింది. మరి మాకు మూడో వారంకల్లా వదిలిపోవాలంటే ఎలా పోతుంది! ఆ బండ మీద కొత్త సూత్రాలు ఎన్ని పోసినా పక్కనుంచి జారిపోతుంటాయి, హోంవర్క్‌లో బలం ఈక్వల్ టు ద్రవ్యరాశి ఇంటూ త్వరణం అని రాస్తూనే, మాటల్లో ప్రశ్న అడగ్గానే మళ్లీ పాత కథే చెబుతాం.

దాన్ని కదిలించింది బొమ్మలు. ఫ్రీ బాడీ డయాగ్రమ్ అంటే ఒక వస్తువుని మిగతా ప్రపంచం నుంచి విడదీసి చుక్కలా గీసి, దాని మీద పనిచేసే బలాల్ని మాత్రమే బాణాలుగా వేయడం. పుస్తకాల్లో దీనికి అర పేజీ ఇచ్చి వదిలేస్తారు, నా దృష్టిలో కోర్సు మొదటి సగానికి ప్రాణం ఇదే. ఆ సీనియర్ పెట్టిన నిబంధన ఒక్కటే: ప్రతి బాణం పక్కనా "దేని మీద, దేని వల్ల" అని రాయాలి. రాయలేకపోతే ఆ బాణం చెరిపేయాలి. నా పేపర్ మీద వేలు పెట్టి "ఇది దేని వల్ల?" అని అడిగేవాడు. "వేగం వల్ల అన్నా" అంటే నవ్వి రబ్బరు చేతికిచ్చేవాడు. విసిరిన బంతి మీద పైకి వేసిన బాణం అలాగే పోయింది. వృత్తంలో తిరిగే వస్తువుకి అదనంగా గీసే "అభికేంద్ర బలం" బాణం కూడా అలాగే పోయింది, ఎందుకంటే అది వేరే బలమేమీ కాదు, తాడు లాగుడో, ఘర్షణో, గురుత్వమో కేంద్రం వైపు చేస్తున్న పనికి పెట్టిన పేరు.

న్యూటన్ మూడో నియమం, అంటే ప్రతి చర్యకీ సమానమైన వ్యతిరేక ప్రతిచర్య ఉంటుందనేది, కూడా ఆ రాతతోనే సర్దుకుంది. బల్ల మీద పుస్తకం ఉంది, భూమి దాన్ని కిందికి లాగుతోంది, బల్ల పైకి నెడుతోంది, రెండూ సమానం, కాబట్టి ఇదే చర్య ప్రతిచర్య జంట అని చాలామంది ఖాయం చేసుకుంటారు. కాదు. ఆ రెండు బలాలూ ఒకే వస్తువు మీద ఉన్నాయి. జంట ఎప్పుడూ రెండు వేర్వేరు వస్తువుల మీద ఉండాలి. భూమి పుస్తకాన్ని లాగడానికి జంట, పుస్తకం భూమిని లాగడం. బల్ల పుస్తకాన్ని నెట్టడానికి జంట, పుస్తకం బల్లని నొక్కడం. పక్కన "పుస్తకం మీద, భూమి వల్ల" అని రాసి ఉంటే ఆ మాటల్ని అటూ ఇటూ మార్చితే చాలు, జంట దానంతటదే వస్తుంది.

బల్ల నెట్టే బలం ఎప్పుడూ బరువుకి సమానమే అనుకోకుండా ఉండటానికి లిఫ్ట్ లెక్క ఒకటి చేయించారు. అరవై కిలోల మనిషి లిఫ్ట్‌లో బరువు తూచే మెషీన్ మీద నిలబడ్డాడు. ఆగి ఉన్నప్పుడు మెషీన్ అతన్ని 588 న్యూటన్ల బలంతో పైకి నెడుతోంది. లిఫ్ట్ పైకి 2 మీ/సె² త్వరణంతో బయల్దేరితే? బొమ్మలో బాణాలు రెండే, కిందికి బరువు, పైకి మెషీన్. తేడా 60 ఇంటూ 2 కావాలి, అంటే మెషీన్ 708 న్యూటన్లతో నెట్టాలి, దాని మీద ముల్లు 72 కిలోల దగ్గరికి వెళ్లి నిలబడుతుంది. మనిషి ద్రవ్యరాశి మారలేదు, భూమి లాగుడూ మారలేదు. లిఫ్ట్ తాడు తెగి స్వేచ్ఛగా పడుతోందనుకోండి, మెషీన్ సున్నా చూపిస్తుంది. అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు తేలుతూ కనిపించేది కూడా ఇందుకే. అక్కడ గురుత్వం లేదని నేను అప్పటిదాకా గట్టిగా నమ్మాను, కానీ అది తిరిగే సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో గురుత్వ త్వరణం నేల మీద ఉన్నదాంట్లో 90 శాతానికి కాస్త తక్కువగా ఉంటుంది. వాళ్లు, ఆ కేంద్రం, అన్నీ కలిసి భూమి చుట్టూ పడుతూనే ఉన్నాయి.

ఇక లెక్కలు. చేసిన లెక్కలు చదువుతుంటే ప్రతి లైనూ అర్థమవుతుంది, తెల్ల కాగితం ముందు కూర్చుంటే పెన్ను కదలదు, ఇది అందరికీ ఉండే బాధే. వీడియోలు ఇంకా ప్రమాదం, అర్థమైపోయిందనే హాయి ఇచ్చి వదిలేస్తాయి. నాకు పనిచేసింది ఏమిటంటే, చేసిన లెక్కని ఒక్కసారి చదివి, మూసేసి, మర్నాడు మళ్లీ తెల్ల కాగితం మీద మొదటినుంచీ చేయడం. ఎక్కడ ఆగిపోతే అక్కడే నాకు రానిది ఉందన్నమాట. ఇంకొకటి, అంకెలు చివరిదాకా వేయకూడదు. ఇది మొదట్లో చాదస్తంలా అనిపించింది, అంకెలు వేసేస్తే గబగబా తేలిపోతుంది కదా అని. బ్రేకుల లెక్కతో అభిప్రాయం మారింది. చక్రాలు లాక్ అయి జారుతూ ఆగే కారు ఎంత దూరం వెళుతుంది అంటే, అక్షరాలతోనే చేసుకుంటూ పోతే, వేగం వర్గాన్ని ఘర్షణ గుణకం, జీ (అంటే గురుత్వ త్వరణం, 9.8), రెండు, ఈ మూడింటి లబ్ధంతో భాగిస్తే వస్తుంది. ద్రవ్యరాశి మధ్యలోనే కొట్టేసుకుపోయింది. గుణకం 0.7 అనుకుంటే గంటకి 36 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు దాదాపు 7 మీటర్లలో ఆగితే, 72తో వెళ్లేది 29 మీటర్లు పోతుంది. వేగం రెట్టింపు, దూరం నాలుగింతలు. మొదట్లోనే 1200 కిలోలు అని వేసేసి ఉంటే జవాబు వచ్చేది కానీ ఈ రెండు సంగతులూ కంటపడేవి కావు.

"ఇచ్చినవేంటి, కావలసిందేంటి చూసుకుని సరిపోయే సూత్రం ఏరుకో" అనే సలహా మీకు చాలామంది ఇస్తారు. చలనం చాప్టర్ వరకు అది గడిచిపోతుంది, ఆ తర్వాత కొంప ముంచుతుంది. మా పరీక్షల్లో ఫార్ములా షీట్ వాళ్లే ఇచ్చేవాళ్లు, అయినా ఫెయిలైనవాళ్లున్నారంటే సూత్రాలు గుర్తుండకపోవడం సమస్య కాదన్నమాట. మా మేడమ్ సరైన బొమ్మకి, ఏ సూత్రం ఎందుకు వర్తిస్తుందో రాసిన ఒక్క వాక్యానికి మార్కులిచ్చేవారు, చివరి జవాబు తప్పినా సరే. యూనిట్లు రాయకపోతే మాత్రం ఊరుకునేవారు కాదు. 1999లో నాసా వ్యోమనౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ ఎందుకు పోయిందో ప్రతి ఫిజిక్స్ టీచరూ చెబుతారు, మా మేడమ్ కూడా చెప్పారు: థ్రస్టర్ల లెక్కలు ఒక చోట పౌండ్-ఫోర్స్ సెకన్లలో, ఇంకో చోట న్యూటన్ సెకన్లలో అనుకోవడం, రెండింటి మధ్యా నాలుగున్నర రెట్ల తేడా, వ్యోమనౌక మార్స్‌కి చేరువైన చోటే గల్లంతు. కథ పాతదే కానీ ఆ తర్వాత ప్రతి లైన్‌లోనూ యూనిట్ రాయడం అలవాటైంది, సగం తప్పులు అక్కడే దొరికిపోయేవి.

క్లాసులో ఉపన్యాసం తక్కువగా ఉండేది. ఒక ప్రశ్న తెర మీద వేసి, ఎవరి జవాబు వాళ్లు పంపమని, తర్వాత పక్కవాళ్లతో వాదించుకోమని, మళ్లీ ఓటు వేయమనేవారు. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతి ఇది. మొదట్లో "మేడమ్ పాఠం చెప్పకుండా మా చేత చెప్పిస్తున్నారు" అని గొణుక్కున్నాం. నా జవాబు ఎందుకు సరైనదో పక్కమ్మాయికి చెప్పబోయి మధ్యలోనే అది తప్పని నాకే తెలిసిపోవడం ఎన్నిసార్లు జరిగిందో. 1998లో రిచర్డ్ హేక్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 6,000 మందికి పైగా విద్యార్థుల టెస్టు ఫలితాలు కూడి చూస్తే, కోర్సు ముందు తెలియనిదాంట్లో ఎంత నేర్చుకున్నారన్న లెక్కలో, ఉపన్యాసమే నడిచిన క్లాసులు సగటున 23 శాతం దగ్గర, ఇలా విద్యార్థుల్ని వాదనలో దింపిన క్లాసులు 48 శాతం దగ్గర తేలాయి. కాబట్టి మీ క్లాసులో ఇలాంటిది పెట్టకపోయినా, ముగ్గురు నలుగురు కలిసి కూర్చుని మాటల ప్రశ్నల మీద వాదించుకోండి. లెక్కలు కాదు, మాటల ప్రశ్నలు. లెక్కలకి కూర్చుంటే ఒకరు చేస్తారు, మిగతావాళ్లు దించుకుంటారు.

ల్యాబ్ గురించి ఎవరూ ముందుగా చెప్పరు, సగం మంది తూతూమంత్రంగా చేసి వస్తారు. నాకైతే లోలకంతో జీ కనుక్కునే ప్రయోగం లెక్చర్లన్నిటికన్నా ఎక్కువ నేర్పింది. మీటరు పొడవు దారం, గుండు మధ్య వరకు కొలవాలి, చిన్న కోణంతో వదలాలి, ఒక ఊపుకి, అంటే అటు వెళ్లి తిరిగి రావడానికి, దాదాపు 2 సెకన్లు పడుతుంది, ఇదే ఆవర్తన కాలం. స్టాప్‌వాచ్ నొక్కే చెయ్యి 0.2 సెకన్లు అటూ ఇటూ అవుతుంది. ఒక్క ఊపే కొలిస్తే ఆ 0.2 అంటే పది శాతం, జీ లెక్కలో ఆవర్తన కాలం వర్గం వస్తుంది కాబట్టి ఇరవై శాతం, అంటే జవాబు 8 వచ్చినా 11 వచ్చినా ఏమీ చెప్పలేం. అదే 20 ఊపులు కలిపి కొలిస్తే మొత్తం 40.2 సెకన్లు, అందులో 0.2 అరశాతమే, జీ 9.77, పైకీ కిందికీ 0.1. అదే దారం, అదే గుండు, అదే చెయ్యి. ఊపులు లెక్కపెట్టేటప్పుడు వాచ్ నొక్కిన క్షణాన్ని "సున్నా" అనాలి, "ఒకటి" అన్నారంటే 19 ఊపులనే 20 అనుకుంటారు, జీ దాదాపు పదకొండు దగ్గరికి వెళ్లిపోతుంది. రిపోర్టులో "మానవ తప్పిదం వల్ల తేడా వచ్చింది" అని రాస్తే మా ల్యాబ్‌లో ఎర్ర ఇంకుతో కొట్టేసేవారు, ఏ తప్పిదం, ఎంత, జవాబుని ఏ వైపు నెడుతుంది అని అడిగేవారు. న్యాయమే.

రెండో సెమిస్టర్ మీద అంత చెప్పను. ఉష్ణం, తరంగాలు తేలిగ్గానే గడిచాయి. కరెంటు దగ్గర మళ్లీ పాత బండ లాంటిదే ఇంకొకటి బయటపడింది. ఒకేలాంటి రెండు బల్బుల్ని ఒకదాని తర్వాత ఒకటి కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుంది అంటే, మొదటి బల్బు కొంత కరెంటు వాడేసుకుంటుంది కాబట్టి రెండోది మసకగా ఉంటుంది అని ఠకీమని చెప్పేస్తాం. రెండూ ఒకేలా వెలుగుతాయి. రెండింట్లోనూ పారే కరెంటు ఒకటే, బల్బుల్లో ఖర్చయ్యేది శక్తి. రెండో బల్బుని పక్కపక్కన, సమాంతరంగా కలిపితే మొదటిది మసకబారదు, బ్యాటరీయే ఎక్కువ కరెంటు ఇస్తుంది, అంటే బ్యాటరీ ఎప్పుడూ ఒకే కరెంటు ఇచ్చే పెట్టె కాదు. దీనికి కొలరాడో యూనివర్సిటీవాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు, అంటే కంప్యూటర్‌లో చేసి చూసే ప్రయోగాలు, ఉచితంగా దొరుకుతాయి, వాటిలో సర్క్యూట్ కట్టి చూడండి, కానీ స్విచ్ నొక్కే ముందు ఏమవుతుందో కాగితం మీద రాయండి. రాయకుండా నొక్కితే అదో ఆటలా అయిపోతుంది. కటకాల్లో కూడా అంతే, కటకాన్ని సగం కప్పితే ప్రతిబింబం సగం పోతుందనుకుంటాం, పోదు, మొత్తం ఉంటుంది, వెలుగు తగ్గుతుంది.

నాకు చివరిదాకా కొరుకుడు పడనిది భ్రమణం. బలానికి బదులు టార్క్ (తిప్పే ప్రభావం), ద్రవ్యరాశికి బదులు జడత్వ భ్రామకం (తిరగడానికి వస్తువు ఎంత మొరాయిస్తుందో చెప్పేది) అని పక్కపక్కన రాసుకుంటే లెక్కలు నడిచిపోతాయి, కోణీయ ద్రవ్యవేగం దిశ ఇరుసు వెంబడి ఎందుకు ఉండాలో మాత్రం నియమంగా ఒప్పుకున్నాను తప్ప లోపలికి ఎక్కలేదు. సమయం చాలకపోతే ఆ చాప్టర్‌లో కొంత వదిలేయొచ్చు, కానీ కుడిచేతి వేళ్లతో దిశ కనుక్కునే కుడిచేతి నియమం వదలకండి, అయస్కాంత క్షేత్రంలో అది మళ్లీ ప్రతి ప్రశ్నకీ వస్తుంది. పరీక్ష హాల్లో కుడిచేత్తో పెన్ను పట్టుకుని ఎడమచేత్తో ఆ నియమం వేసి, దిశ తిరగేసి రాసేవాళ్లు బోలెడుమంది. పెన్ను కింద పెట్టి వేయండి.